వదినకు తెరవని ముందు తలుపు

మా వదిన పోయిందని కబురు తెచ్చిన మనిషి దుకాణం మెట్లు ఎక్కలేదు. పొద్దున్నే వచ్చాడు. ఇంకా బోణీ కాలేదు. మా అబ్బాయి గద్దె మీద కూచుని అగరుబత్తి వెలిగిస్తున్నాడు. నేను పక్కన కందిపప్పు బస్తా మూతి విప్పుతున్నాను. కింది మెట్టు దగ్గర ఆయన నిలబడ్డాడు. మెడలో తులసిమాల, నుదుట పాండురంగడి భక్తులు పెట్టుకునే నల్లటి బుక్కా పొడి. మా ఎదురు వరుసలో చెప్పులు కుట్టే పెద్దమనిషి. ముప్ఫై ఏళ్ళుగా ఎదురుబొదురుగా ఉన్నాం. పైకి రమ్మని మేం ఎన్నడూ అనలేదు. ఆయనా రాలేదు.

"మావులి పోయింది, సావుకారి" అన్నాడు. "తెల్లారంగ. కూసున్నకాడనే. చేతుల ఒత్తి ఉన్నది, సగమే చేసింది."

మా అబ్బాయి నా ముఖం చూశాడు. "బాపూ, జెర బోని గాని. అటెన్క పోదువు" అన్నాడు. వాడి తప్పు కాదు. వాడికి నేర్పింది నేను. నాకు నేర్పింది మా బాపు.

నేను లేచి మెట్లు దిగాను. సగం దూరం పోయాక తెలిసింది, చెప్పులు వేసుకోలేదని.

అది జరిగి పదిహేను రోజులు దాటింది. అప్పటి నుంచి కూచుంటే లేవాలని ఉంటుంది, లేస్తే ఎటు పోవాలో తెలియదు. రాస్తే కుదుటపడతావన్నారు ఒకరు. నేను పెద్దగా చదువుకున్నవాణ్ణి కాను, పదిమందిలో మాట్లాడినవాణ్ణీ కాను. ఒక్క సంగతి మాత్రం చెప్పాలి. వదిన ఇరవై ఏళ్ళు నాకు మొక్కుతూ వచ్చింది. ఆమె పట్టిన దారిలో మొక్కినవాళ్ళకు తిరిగి మొక్కాలి. నేను ఒక్కసారి కూడా మొక్కలేదు.

మాది ఇస్లాపూర్ దగ్గరి పల్లె. బాపు మమ్మల్ని నాందేడ్ తీసుకొచ్చి పాత బజార్లో కిరాణా దుకాణం పెట్టాడు. అన్న పెళ్ళయిన మూడో ఏడు జ్వరంతో పోయాడు. వదినకు అప్పటికి ఇరవై నిండలేదు. నాకూ ఆమెకూ ఈడు ఒకటే. పిల్లలు లేరు. ధర్మాబాద్ నుంచి పుట్టింటివాళ్ళు వచ్చారు, ఏడ్చారు, పోయారు. తీసుకుపోతామని మాత్రం అనలేదు.

మా ఇల్లు ఎట్లా ఉంటుందో చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. ముందు దుకాణం, వెనక ఇల్లు. ఇంట్లోకి దారి దుకాణం మధ్యలోంచే. బస్తాల నడుమ నడిచి లోపలికి పోవాలి. ఇంటి వెనక ఇంకో తలుపు ఉంది. అది సందులోకి తెరుచుకుంటుంది. అన్న పోయిన నాటి నుంచి వదినది ఆ వెనక తలుపు. పొద్దున బోణీ అయ్యేదాకా ఆమె ముఖం దుకాణం వైపు కనబడకూడదు. భర్త పోయిన మనిషి ఎదురైతే గిరాకీ తిరిగిపోతుందని. ఎవరూ ఆమెకు పిలిచి చెప్పలేదు. చెప్పాల్సిన పని లేకుండా అందరికీ తెలిసిన సంగతి.

వదినకు తరాజు చప్పుడు తెలిసేది. మొదటి తూకం అయ్యి పళ్ళెం పలక మీద పడగానే వంటింట్లో, "అయ్యింది" అని తనలో తాను అనుకుని, బిందె పట్టుకుని గడప ఇవతలికి వచ్చేది. ఒక్కోసారి బాపు తుడవడానికి పళ్ళెం దించి పెట్టేవాడు. నేను లోపల చద్దన్నం తింటూ, "అయ్యింది గద వదినె" అంటే, "అది ఉత్తది మర్ది. తూకం పళ్ళెం గట్ల మోగది" అనేది. ఎన్నడూ తప్పు పోలేదు. అప్పుడు నాకు అది తమాషాగా ఉండేది.

పదిహేనేళ్ళు అట్లా గడిచాయి. ఆమెను ముందు తలుపుకు రాకుండా ఆపాం గానీ, వెనక తలుపు ఎటు పోతుందో ఎవరమూ చూడలేదు. ఆ సందు చివర పత్తి మిల్లులో పనిచేసేవాళ్ళ ఇళ్ళు. అక్కడొక రేకుల షెడ్డు. ఏకాదశి ఏకాదశికి అందులో పాండురంగడి భజన జరిగేది. మిల్లువాళ్ళు, హమాలీలు, కూరగాయలమ్మేవాళ్ళు, చుట్టుపక్కల పల్లెల రైతులు వచ్చేవాళ్ళు. తాళాల చప్పుడు మా వంటింట్లోకి వినబడేది. మొదట ఆమె తలుపు దగ్గర కూచుని విన్నది. తర్వాత గడప మీద కూచున్నది. తర్వాత ఒకనాడు ఇంట్లో లేదు.

"పోయి సూడు, ఏం జేస్తుందో" అని బాపు నన్ను పంపాడు.

పోయి షెడ్డు బయట గోడ వారగా నిలబడ్డాను. భజన అప్పుడే ముగిసింది. వాళ్ళలో ఒక పద్ధతి ఉంది. భజన కాగానే ఒకరి పాదాలకు ఒకరు మొక్కుకుంటారు. చిన్నా పెద్దా లేదు, ఆడా మగా లేదు. ఒకరు వంగితే ఎదుటివాళ్ళు వెంటనే వంగాలి. అందరినీ "మావులి" అనే పిలుస్తారు. మరాఠీలో తల్లి అని. మీసాలున్న మగవాడూ మావులే.

చెప్పులు కుట్టే ఆయన వదిన ముందు వంగి పాదాలు ముట్టాడు. "మావులి" అన్నాడు. అంతే వంపుగా వదిన వంగింది. ఆయన కాళ్ళు ముట్టి వేళ్ళు కళ్ళకద్దుకుంది. పక్కన తలపాగా పెట్టిన ఒక పెద్ద రైతు ఉన్నాడు. ఆయనా ఆమెకు మొక్కాడు. బజార్లో ఆమె ఎదురైతే అపశకునమని ఆగి, చెప్పులు విడిచి తొడుక్కుని మళ్ళీ బయలుదేరే మనిషి ఆయన. పిల్లలు లేని మా వదినను ఆ షెడ్డులో నలభై మంది తల్లీ అని పిలుస్తున్నారు. ఆమె ముఖం కేసి నేను నేరుగా చూసింది అదే మొదటిసారి. అన్నాళ్ళూ ఒకే ఇంట్లో తిన్నాం.

ఇంటికి వచ్చాక బాపు అడిగాడు. "ఏంది?"

"భజననే బాపు."

"భజననేనా?"

"భజననే."

మొక్కుకున్న సంగతి చెప్పలేదు. అబద్ధం ఆడలేదని అనుకున్నాను. చాలా ఏళ్ళు అట్లాగే అనుకుంటూ బతికాను.

వదిన ఆ పద్ధతిని షెడ్డులో వదిలి రాలేదు. ఇంటికి తెచ్చింది. మొదట అంట్లు తోమే ఆమెకు మొక్కింది. ఆమె చేతిలోని గిన్నె జారవిడిచి వాకిట్లోకి పరుగెత్తింది.

"ఓ అవ్వో! నాకు మొక్కుతున్నవేంది సావుకారమ్మా! నాకు పాపం తగుల్తది!"

"తగిలితె సగం నాకియ్యి. ఇద్దరం మోద్దాం" అంది వదిన, ఇంకా వంగే ఉండి. "నువ్వు మల్ల మొక్కకుంటె నేను లేవ. నడుం నొస్తుంది, జల్ది రా."

ఆమె అటూ ఇటూ చూసి, మసి చేతులతోనే వదిన పాదాలు తాకింది. ఇద్దరూ నవ్వారు. మా ఇంట్లో వదిన నవ్వు వినడం చాలా రోజులకు.

తర్వాత మా ఆవిడకు మొక్కింది. మా ఆవిడ వెంటనే తిరిగి మొక్కింది. తర్వాత నాకు. నేను గోడకు ఆనుకునేదాకా వెనక్కు జరిగాను. "వద్దు వదినె, ఉండనియ్యి" అన్నాను. నాకు సిగ్గు. దానికి అంతకన్నా పెద్ద పేరు పెట్టలేను.

"మొక్కినోళ్ళకు మల్ల మొక్కాలె మర్ది. లేకుంటె అది నడిమిట్లనే ఉండిపోతది" అంది.

ఆ ఏడు ఆషాఢానికి షెడ్డువాళ్ళ దిండీతో పంఢరికి నడిచి పోతానంది. దిండీ అంటే తాళాలూ మృదంగమూ వాయిస్తూ కలిసి నడిచే గుంపు. రెండు వారాల పైన నడక. అందుకు చెప్పులు కావాలి. ఆమెకు అప్పటిదాకా చెప్పులు లేవు.

పట్టపగలు, బజారంతా ఉండగా, వెనక సందు చుట్టూ తిరిగి వచ్చి ఆ పెద్దమనిషి ముందు నిలబడింది. ఆయన అట్ట పరిచాడు. ఆమె పాదం పెట్టింది. ఆయన పెన్సిలుతో చుట్టూ గీత గీశాడు. అంతవరకు ఎవరికీ ఏమీ అనిపించలేదు. కొలత అయ్యాక, అలవాటు కదా, ఆయన మొక్కాడు, ఆమె వంగి ఆయనకు మొక్కింది. మా దుకాణంలో బెల్లం కొంటున్న మనిషి చెయ్యి ఆగిపోయింది. పక్క బట్టల దుకాణాయన గద్దె మీద నుంచే అరిచాడు.

"సావుకారి! మీ కోడలికి దేవుడు దొరికిండు సూడు, చెప్పుల దుకాండ్ల!"

నవ్వులు. చెప్పులు కుట్టే ఆయన తల ఎత్తలేదు. తోలు కోసుకుంటూ అన్నాడు. "నేను దినమంత మీ అందరి కాళ్ళు ముడుత, సేటు. అప్పుడు ఎవలేమనరు. ఎవలన్న నా కాళ్ళు ముడితెనే లొల్లి."

ఆ మాట నేను ఈ ఇరవై ఏళ్ళలో ఎన్నిసార్లు అనుకున్నానో. తూకం వేస్తూ అనుకున్నాను, స్నానం చేస్తూ అనుకున్నాను. ఎక్కడా బయటికి అనలేదు.

మధ్యాహ్నం బాపు తలుపు ఇవతల కూచున్నాడు. వదిన తలుపు అవతల. మామగారితో ఆమె నేరుగా మాట్లాడేది కాదు. ఇద్దరి మాటా ఇద్దరికీ వినబడుతూనే ఉంటుంది. అయినా నడుమ నేను ఉండాలి.

"ఆమెకు చెప్పు" అన్నాడు బాపు. "ఇంటి ఇజ్జత్ బజార్ల పెట్టింది. పంఢరి గింఢరి ఏం లేదు."

"మర్ది, మామకు చెప్పు. దేవుని కాడికే పోతున్న. దొంగతనానికి కాదు."

"పోయేదుంటె రైలు ఉన్నది. నలుగురు మంచోళ్ళతోని పొమ్మను. గా గుంపుల ఎందుకు?"

"రైల్ల పోతె దేవుడొక్కడే కనవడుతడు. నడుసుకుంట పోతె మనుషులు కనవడుతరు. అని చెప్పు."

నేను ఒక్క మాటా అటు నుంచి ఇటు మోయలేదు. అవసరం రాలేదు. గుంజ పక్కన ఇంకో గుంజలాగా నిలబడ్డాను.

బాపు లేచాడు. "చెప్పు. పోతె ఈ దర్వాజ మల్ల తెర్వది."

తర్వాత వదిన గొంతు మెల్లగా వచ్చింది.

"మామను అడుగు మర్ది. ఏ దర్వాజ? ముందటిదా, ఎనకదా? ముందటిది నాకు ఎన్నడు తెర్చిండని, ఇప్పుడు మూస్తడు?"

ఆమె పోయింది. పోయిన రోజు నేను దుకాణంలో ఉన్నాను. దిండీ బజారు మలుపు దాటింది. తెల్ల చీర కింద ఆమె చెప్పులు కొత్తగా, ఎర్రగా కనబడ్డాయి. చెయ్యి ఎత్తుదామనుకున్నాను. చేతిలో సోల ఉంది.

వాళ్ళు తిరిగి పొద్దటి రైల్లో వచ్చారు. పంఢరి నడిచి వచ్చినవాళ్ళ కాళ్ళకు మొక్కడం ఇక్కడ అందరిలోనూ ఉన్న ఆచారం. ఆ పాదాలకు అంటిన దుమ్ము పుణ్యమని. స్టేషన్ నుంచి తాళాలతో, ఒక్కొక్కరిని వాళ్ళ వాళ్ళ ఇంటి ముందు దింపుకుంటూ వస్తున్నారు. మా బజార్లోకి వచ్చేసరికి దుకాణాలు అప్పుడే తెరుస్తున్నారు. బోణీ వేళ. నేను నా కళ్ళతో చూశాను. ఆ బట్టల దుకాణాయనే దిగి వచ్చి మా వదిన పాదాలు ముట్టాడు. "దేవుడు దొరికిండు" అని నవ్వినాయన. కాళ్ళకు మొక్కి, ముఖం మాత్రం చూడకుండా తిరిగిపోయాడు. ఎందుకంటే ఆయనకూ బోణీ కాలేదు.

వదిన మా మెట్ల ముందు ఆగింది. నల్లబడింది, చిక్కింది. వెనక షెడ్డువాళ్ళంతా. చెప్పులు కుట్టే ఆయన మెడలో వేలాడే చిన్న భజన వీణ. బాపు గద్దె మీద కదలకుండా కూచున్నాడు. ఆమె మెట్టెక్కితే దుకాణం మధ్యలోంచి లోపలికి నడవాలి.

"ముందట మూయి" అన్నాడు బాపు నాతో. గట్టిగా అనలేదు. అలసిపోయినట్టు అన్నాడు.

నాకు అప్పుడు నలభైకి దగ్గర. ఇద్దరు పిల్లల తండ్రిని. నేను దుకాణం తలుపు చెక్కలు మూశాను. ఒకటి తర్వాత ఒకటి, ఏడు చెక్కలు. ఏడోది మూసేటప్పుడు ఆమె నన్నే చూస్తోంది.

మూసి, ఇంట్లోంచి పరుగెత్తాను. వెనక తలుపు గడియ తీశాను. బార్లా తెరిచాను. అంట్లు తోమే ఆమెను పంపాను. "వదినెను గిట్లకెల్లి రమ్మను, నేను తీసిపెట్టిన అని చెప్పు" అన్నాను. బాపుకు ఎదురు తిరిగానని, వదినకు మేలు చేశానని, ఆ గడియ తీసిన చేతిని చూసుకుని ధైర్యవంతుణ్ణనే అనుకున్నాను.

ఆమె సందులోంచి ఒక్కతే వచ్చింది. గడప బయట ఆగింది. చెప్పులు విడిచింది. ఆమె లోపలికి వస్తుందని నేను పక్కకు జరిగాను. ఆమె వంగి నా పాదాలకు మొక్కింది. నేను మళ్ళీ వెనక్కు జరిగాను. ఆమె చేతులు ఖాళీ గడప మీద పడ్డాయి.

"ఎనకకెల్లి అచ్చేదుంటె నేను అంత దూరం నడుద్దునా, మర్ది?" అంది. కోపం లేదు. "నువ్వు మంచోనివే. కని నీ మంచితనం గీ ఎనక దర్వాజ కాడనే నిలవడ్డది."

చెప్పులు తొడుక్కుంది. సందు చివరికి నడిచి పోయింది. మళ్ళీ మా ఇంట్లో అడుగు పెట్టలేదు.

మిల్లువాళ్ళ గల్లీలో ఒక గది. దూది తెచ్చుకుని దీపాల వత్తులు చేసేది. నాందేడ్‌లో చాలా దేవుళ్ళ ముందు వెలిగినవి ఆమె చేతి వత్తులు. ఏకాదశి ఏకాదశికి నేను వేరుశెనగపప్పో ఖర్జూరమో తీసుకుని పోయేవాణ్ణి. పోగానే లేచి మొక్కేది. నేను జరిగేవాణ్ణి. "ఇంక గోడ ఎంత దూరం ఉన్నది మర్ది?" అని నవ్వేది. వత్తులు చేస్తూనే మాట్లాడేది. చేతులు ఆగేవి కావు. నేను విన్నదానికి తల ఊపేవాణ్ణి.

ఆమె చేరిన గుంపు గురించి అందంగా చెప్పి పోతే ఆమెకు నచ్చదు. అక్కడా ఆమెకు నెమ్మది లేదు. "తొవ్వ మీద కాళ్ళు మొక్కుతరు మర్ది. ఊళ్ళెకు రాంగనే మొక్కిన కాళ్ళు ఏ ఇంటియో యాదికస్తది" అనేది. కరువు వచ్చిన ఏడు షెడ్డు ముందు అందరూ కలిసి గంజి కాచారు. నీళ్ళు చెప్పులు కుట్టే ఆయన ఇంటి నుంచి వచ్చాయి, వాళ్ళ బావిలోనే ఊట ఉంది కాబట్టి. తలపాగా పెద్దరైతు గిన్నె పట్టుకుని, ఉపవాసం గుర్తొచ్చిందన్నాడు. వదిన ఆయన ముందుకు పోయి వంగింది. ఆయన తిరిగి వంగక తప్పలేదు. "గిప్పుడు తాగు మావులి. కాళ్ళు ముట్టినంక నీళ్ళది ఏమున్నది?" అంది. ఆయన తాగాడు. మర్నాటి నుంచి మూడు నెలలు భజనకు రాలేదు. "గంజి తాగిచ్చిన గని, మనిషిని పోగొట్టిన" అని ఆమె ఎన్నో రోజులు బాధపడింది. మూడు నెలలకు ఆయనే వచ్చాడు. ఆ బావి నీళ్ళే అడిగి తాగాడు.

బాపు పోయిన రోజు వదిన వచ్చింది. ముందు వైపే వచ్చింది. మెట్లు ఎక్కలేదు. కింది మెట్టుకు మొక్కి, శవం కదిలేదాకా ఎండలో నిలబడి, వెళ్ళిపోయింది.

ఇక్కడ అసలు మాట చెప్పాలి. ఆ తర్వాత నన్ను ఆపినవాళ్ళు ఎవరూ లేరు. దుకాణం నాది, తలుపు నాది. వదినె, ముందటికెల్లి రా అని ఒక్క మాట అంటే అయిపోయేది. దినాలు కానీ అనుకున్నాను. ఇంట్లో పెళ్ళి అయిపోనీ అనుకున్నాను. అబ్బాయి గద్దె మీద కుదురుకోనీ అనుకున్నాను. ఏకాదశికి పోయినప్పుడల్లా ఆ మాట నోటిదాకా తీసుకుపోయి, ఖర్జూరం పొట్లం అక్కడ పెట్టి, మాటను తిరిగి తెచ్చుకునేవాణ్ణి. బాపును తప్పు పట్టుకుని కొన్నాళ్ళు బతకొచ్చు. బాపు లేకపోయినా ఆ తలుపు తెరుచుకోలేదంటే, దాన్ని ఇంకా పట్టుకున్న చెయ్యి ఎవరిది?

ఆ పొద్దున ఆమె గదికి పోయేసరికి షెడ్డువాళ్ళంతా ఉన్నారు. ఆమెను గోడకు ఆనించి కూచోబెట్టారు. నుదుట బుక్కా. గూట్లో చేసిపెట్టిన వత్తుల కట్టలు. మేకుకు చెప్పులు, ఎన్నిసార్లు అడుగు మార్చారో తెలియనివి. ఒక్కొక్కరే పోయి పాదాలకు మొక్కి వస్తున్నారు.

నా వంతు వచ్చింది. వంగాను. నా చేతులు ఆమె పాదాలకు తగిలాయి. మడమలు రాళ్ళలాగా గట్టిగా ఉన్నాయి. నేను లేవలేదు. ఎందుకో ఆమె తిరిగి వంగుతుందేమోనని చూశాను. వెర్రి. వాళ్ళలో మొక్కితే వెంటనే తిరిగి మొక్కాలి కదా. ఇరవై ఏళ్ళు నేను ఆమెను ఎట్లా వంగినచోటే ఉంచానో, అట్లా నేను ఆ గదిలో వంగి ఉండిపోయాను.

అప్పుడు చెప్పులు కుట్టే పెద్దమనిషి వీణ పక్కవాళ్ళకు ఇచ్చి వచ్చాడు. "లెవ్వు మావులి" అన్నాడు. నన్ను ఆ పేరుతో పిలవడం అదే మొదలు. "ఆమె మొక్కలేదు గద. ఆమె మొక్కు నేను మొక్కుత."

వంగాడు. నా వెనక గోడ లేదు. జరగడానికి బోలెడు చోటు ఉంది. నేను జరగలేదు. ఆయన వేళ్ళకు బుక్కా ఉంది. నా పాదాల మీద నల్లటి గుర్తులు పడ్డాయి, ఇటు నాలుగు, అటు నాలుగు. నేను వంగి ఆయనకు మొక్కాను. ఇద్దరం ముసలివాళ్ళం, లేవడానికి ఒకరి భుజం ఒకరం పట్టుకున్నాం.

గోదావరి ఒడ్డున నిప్పు ఆయనే పెట్టాడు. వదిన ముందే చెప్పిపెట్టిందట. "నాకు తొవ్వ సూపిన చెప్పులు ఎవలు కుట్టిన్రో, ఆయన్నే పెట్టమను" అని. నాకు ఒకందుకు కష్టం అనిపించింది, ఒకందుకు అనిపించలేదు. తర్వాత అందరూ నీళ్ళలోకి దిగి మునిగారు. నేను దిగలేదు. ఒడ్డున నిలబడి పాదాలు చూసుకున్నాను.

దుకాణానికి తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. గిరాకీ బాగా ఉంది. మా అబ్బాయి తరాజు మీద నుంచి తల ఎత్తాడు. నా పొడి బట్టలు చూశాడు, మునగలేదని తెలిసింది.

"బాపూ, ఎనకకెల్లి రా. అక్కడ నీళ్ళు పెట్టిచ్చిన" అన్నాడు మెల్లగా. "మనుషులున్నరు."

వాడి గొంతులో కోపం లేదు. అలసట మాత్రం ఉంది. ఆ గొంతు నాకు తెలుసు.

నా కాళ్ళు సందు వైపు రెండడుగులు వేశాయి. అలవాటు. ఆగి, తిరిగి వచ్చి, కింది మెట్టు మీద కూచున్నాను.

"బాపూ!"

"నేను గిట్లకెల్లే అస్త" అన్నాను. పది మంది ఉన్న చోట నేను అంత గట్టిగా మాట్లాడటం ఎవరూ విని ఉండరు. శెనగపప్పు కొనే ఒకామె చీర కొంగు సర్దుకుని పక్కకు జరిగింది.

లోపలి నుంచి మా ఆవిడ చూసినట్టుంది. వెనక పెట్టిన నీళ్ళ బకెట్టు తానే ఎత్తుకుంది. ఇంట్లోంచి, బస్తాల నడుమ నుంచి, గిరాకీవాళ్ళను దాటుకుంటూ దుకాణం మధ్యలోంచి మోసుకొచ్చింది. నిండు బకెట్టు. వెనక తలుపు నుంచి ముందు మెట్టు దాకా నీళ్ళు తొణికి నేల మీద ఒక తడి దారి పడింది. ఎవరూ దాన్ని తొక్కలేదు. బకెట్టు నా పక్కన దించి, నా పాదాల మీది గుర్తులు చూసింది.

"కడుక్కుంటరా?" అంది.

నేను తల అడ్డంగా ఊపాను. "సరె" అని తప్పుకుని దారి ఇచ్చింది.

లేచాను. మెట్లెక్కి ఆ తడి మీదనే, బస్తాల నడుమ నుంచి లోపలికి నడిచాను. నేను వంటింటి గడప దాటుతుండగా వెనక తరాజు పళ్ళెం పలక మీద పడిన చప్పుడు వినబడింది. అది తూకమో, ఉత్త పళ్ళెమో నాకు తెలియలేదు. వదినకైతే తెలిసేది.